పోలీసు శిక్షణలో ఒత్తిడి: ముందే తెలిస్తే సగం బరువు తగ్గుతుంది



మన హాస్టల్ నుంచి కానిస్టేబుల్, ఎస్.ఐ. ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవారు ప్రతిసారీ ఉంటారు. తెల్లవారకముందే గ్రౌండుకు పోయి పరుగెత్తేవారిని చూస్తూనే ఉన్నాం. రాతపరీక్షకు గైడ్లు బజారులో దొరుకుతాయి. దేహదారుఢ్య పరీక్షకు కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. కానీ సెలక్షన్ వచ్చాక, పెట్టె పట్టుకుని శిక్షణ కేంద్రం గేటు దాటాక ఏం జరుగుతుందో చెప్పేవారు తక్కువ. మొదటి నెలలోనే "ఇక నా వల్ల కాదు" అని పెట్టె సర్దుకున్నవాళ్లు ఉన్నారు. అందరూ బలం చాలక వెనక్కి రాలేదు. తమకు జరుగుతున్నది పక్క మంచం వాడికీ జరుగుతోందని తెలియక వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు.

మా ఇళ్లలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్లం మేమే. మనలాంటి ఇళ్లలో ముందు నడిచి, దారిలో గుంత ఎక్కడుందో చెప్పే పెద్దన్న ఉండడు. ఆ పని హాస్టలే చేయాలి. అందుకే శిక్షణ పూర్తిచేసిన మన సీనియర్ అన్నలతో, అక్కలతో మాట్లాడి, పీజీలో మేం చదువుతున్న మనస్తత్వ శాస్త్రాన్ని దానికి జోడించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

శిక్షణ ఎక్కడ, ఎంతకాలం?

కానిస్టేబుల్ శిక్షణ సుమారు తొమ్మిది నెలలు. ఎస్.ఐ. శిక్షణ సుమారు ఒక సంవత్సరం. తెలంగాణలో ఎస్.ఐ.లకు హైదరాబాద్ శివారులో హిమాయత్ సాగర్ దగ్గరున్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పోలీసు అకాడమీలో శిక్షణ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.ఐ. శిక్షణ అనగానే అనంతపురం పోలీసు శిక్షణ కళాశాల గుర్తుకు వస్తుంది. కానిస్టేబుళ్లకు జిల్లాల్లోని శిక్షణ కేంద్రాల్లోనూ, బెటాలియన్లలోనూ శిక్షణ జరుగుతుంది. హైదరాబాద్ శివరాంపల్లిలో ఉన్న సర్దార్ వల్లభ్ భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ వేరు. అది ఐ.పి.ఎస్. అధికారుల కోసం.

దినచర్య కేంద్రాన్ని బట్టి కొద్దిగా మారినా మొత్తంమీద ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో లేవాలి. వెలుతురు రాకముందే ఫాలిన్. తర్వాత పీటీ, పరుగు, పరేడ్. టిఫిను చేసి క్లాసులు. మధ్యాహ్న భోజనం, మళ్లీ క్లాసులు. సాయంత్రం మళ్లీ గ్రౌండు. రాత్రి రోల్ కాల్ అయ్యాక బూట్లు పాలిష్ చేసుకుని, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని పడుకోవాలి. చదవడానికి పెద్దగా ఏమీ అనిపించదు. వరుసగా ఇరవై రోజులు చేస్తే అప్పుడు తెలుస్తుంది.

తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం జనరల్ పురుష అభ్యర్థులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. అక్కడ ఒక్కరోజు పరుగెత్తితే చాలు. శిక్షణలో అంతకంటే ఎక్కువ దూరం, దాదాపు రోజూ, నిన్నటి నొప్పి తగ్గకుండానే పరుగెత్తాలి. తేడా అంతా ఇక్కడే ఉంది.

అరుపులు ఎందుకు?

డ్రిల్లు నేర్పేవారిని ఉస్తాద్ అంటారు. ఆజ్ఞలు హిందీలో ఉంటాయి: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, తేజ్ చల్, థమ్. మొదటివారం సగం స్క్వాడ్ కుడికి తిరిగితే సగం ఎడమకు తిరుగుతుంది. దానికి అందరికీ కలిపి గ్రౌండు చుట్టూ రౌండ్లు పడతాయి. ఒకడు తప్పు చేస్తే అందరికీ శిక్ష ఏమిటని కోపం వస్తుంది. రేపు జాతర బందోబస్తులో తొక్కిసలాట మొదలైతే, తాడు పట్టుకున్న పదిమందిలో ఒక్కడు వదిలినా చాలు, వరుస మొత్తం తెగుతుంది. ఆ సంగతిని శరీరానికి నేర్పడానికే ఈ పద్ధతి పెట్టారు.

దీని వెనుక శాస్త్రం కూడా ఉంది. భయం కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, చూపు ఎదుటి ప్రమాదం మీదే నిలిచిపోతుంది. ఆ క్షణంలో నింపాదిగా ఆలోచించి చేసే పని సాగదు. వందలసార్లు చేసి అలవాటైన పని మాత్రం సాగుతుంది. రైఫిల్ విప్పి బిగించడం అన్నిసార్లు చేయించేది, అదీ తొందరపెడుతూ, అరుస్తూ చేయించేది అందుకే. మనసు తడబడినా చెయ్యి తడబడకూడదు.

ఒత్తిడికి మూడు మెట్లు

ఒత్తిడి గురించి హాన్స్ సెలీ అనే శాస్త్రవేత్త 1936లో నేచర్ పత్రికలో ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలికీ, అతి శ్రమకూ, గాయాలకూ గురిచేసి చూస్తే, కారణం ఏదైనా శరీరం స్పందించే తీరు ఒకేలా ఉందని ఆయన గమనించాడు. దాన్ని మూడు దశలుగా చెప్పాడు. ముందు ఉలికిపాటు, తర్వాత తట్టుకోవడం, ఒత్తిడి ఆగకుండా సాగితే చివరకు డస్సిపోవడం. అందరిలోనూ ఇదే వరుసలో జరగాలని లేదు గానీ, మన సీనియర్లు చెప్పిన అనుభవాలు దీనికి దగ్గరగానే ఉన్నాయి.

మొదటి రెండు మూడు వారాలు ఉలికిపాటు కాలం. ఒళ్లంతా నొప్పులు, ఆకలి తెలియకపోవడం లేదా ఎంత తిన్నా చాలకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, క్లాసులో కూర్చోగానే కళ్లు మూతపడటం, ఇంటిమీద బెంగ, చిన్న మాటకే కళ్లలో నీళ్లు. ఇవన్నీ మామూలే. మగపిల్లలు కూడా దుప్పటి కప్పుకుని ఏడుస్తారు. ఎవరూ బయటకు చెప్పరు, అంతే.

తర్వాత శరీరం అలవాటు పడుతుంది. ఎండకు ఒళ్లు సర్దుకోవడానికే పది పద్నాలుగు రోజులు పడుతుంది. రెండో నెలకు అదే పరుగు తేలికవుతుంది. కాబట్టి మా మొదటి సలహా ఇదే: మొదటి నెలలో ఉద్యోగం వదిలేద్దామన్న నిర్ణయం తీసుకోవద్దు. అప్పుడు మాట్లాడేది అలసట. నిర్ణయం రెండో నెలకు వాయిదా వేయండి. అప్పటికీ అలాగే అనిపిస్తే నిదానంగా ఆలోచించవచ్చు.

మూడో దశకు మాత్రం ఎవరూ చేరకూడదు. దాని సంగతి కింద చెబుతాం.

మనకు ఏది తేలిక? ఏది కష్టం?

హాస్టల్‌లో పెరిగినవారికి శిక్షణలో సగం ముందే వచ్చేసి ఉంటుంది. గంట కొట్టగానే లేవడం, పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడటం, ఒకే హాల్లో నలభై మంది మధ్య నిద్రపోవడం, ఉన్న బట్టలు మనమే ఉతుక్కోవడం, కూర నచ్చకపోయినా తినడం మనకు కొత్త కావు. ఇంటి గది వదిలి మొదటిసారి బయటకు వచ్చినవారు ఇవన్నీ అక్కడ నేర్చుకోవాలి. ఈ విషయంలో మీరు వారికి సాయం చేయగలరు. చేయండి.

కష్టమయ్యేవి వేరే ఉన్నాయి.

మొదటిది ఇంటి బరువు. శిక్షణలో చేతికి వచ్చేది స్టైపెండ్, పూర్తి జీతం కాదు. అందులోంచి మెస్ ఖర్చులూ పోతాయి. కానీ ఊళ్లో మాత్రం "పోలీసు ఉద్యోగం వచ్చింది" అని తెలియగానే అప్పులవాళ్లు గడప తొక్కుతారు. చెల్లి ఫీజు, నాన్న మందులు అన్నీ మీకోసమే ఎదురుచూస్తాయి. ఫోను మాట్లాడే సమయం కొద్దిగానే ఉంటుంది. ఆ కాస్త సమయంలో విన్న కష్టం రాత్రంతా నిద్ర పోనివ్వదు. బయలుదేరే ముందే అమ్మానాన్నలను కూర్చోబెట్టి, ఎంత వస్తుందో, ఎప్పటినుంచి పంపగలరో విప్పి చెప్పండి.

రెండోది చదువు. గ్రౌండులో డస్సిపోయి వచ్చి చట్టాలు చదవాలి. 2024 జూలై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సి.ఆర్.పి.సి. స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. సినిమాల్లో విన్న 302 ఇప్పుడు 103. 420 కింద ఉన్న మోసం ఇప్పుడు 318లో ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నమోదు పాత 154 నుంచి 173కు మారింది. పాత గైడ్లతో కుస్తీ పట్టకుండా, వెళ్లేముందే కొత్త చట్టాల తెలుగు పుస్తకం ఒకసారి తిరగేస్తే అక్కడ బరువు తగ్గుతుంది.

మూడోది మాటలు పడటం. ఉస్తాద్ అరిస్తే, "నేను ఫలానా ఇంటివాణ్ణని, ఫలానా వాడనుంచి వచ్చానని అరుస్తున్నాడా?" అనే అనుమానం మనకు తొందరగా వస్తుంది. చిన్నప్పటినుంచి పడ్డ మాటలు అలాంటివి మరి. ఇక్కడ గీత తెలుసుకోవాలి. "కాలు సరిగా ఎత్తు" అని గట్టిగా అరవడం శిక్షణ. అది అందరికీ ఒకేలా ఉంటుంది, తప్పు దిద్దుకోగానే ఆగిపోతుంది. కులం పేరెత్తి అవమానించడం, అమ్మానాన్నలను తిట్టడం, చెయ్యి చేసుకోవడం, ఆడపిల్లలతో అసభ్యంగా మాట్లాడటం శిక్షణ కాదు. పదిమందిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమే. రేపు మీరు అమలు చేయాల్సిన చట్టం అది. మొదటిదాన్ని మనసుకు తీసుకోవద్దు. రెండోదాన్ని దిగమింగుకోవద్దు. తేదీ, సమయం, విన్నవారి పేర్లు రాసిపెట్టుకుని కంపెనీ బాధ్యుడికి, అవసరమైతే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఓర్చుకోకూడని గుర్తులు

ఓర్పు గొప్ప గుణమే. కానీ ఓర్చుకోకూడనివీ ఉన్నాయి. వీటిని గుర్తుంచుకోండి.

1. ముంగాలి ఎముక మీద ఒకే చోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగితే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. కండరాలు త్వరగా బలపడతాయి, ఎముకకు నెలలు పడుతుంది. ముందు అలవాటు లేకుండా ఒక్కసారిగా పరుగు పెంచినవారికి ఇది వస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తితే చీలిక విరుగుడు అవుతుంది.

2. ఎండలో పరుగెత్తుతున్నవాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండా చల్లటి నీళ్లు పోస్తూ ఆస్పత్రికి పంపాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

3. విపరీతమైన కసరత్తు తర్వాత ఒళ్లు వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నట్టు. మూత్రపిండాలకు ప్రమాదం. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

4. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, బతికి ఏం లాభం అనే ఆలోచన రావడం. ఇది పిరికితనం కాదు, జ్వరంలాగే జబ్బు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మిత్రుడిలో ఈ గుర్తులు కనిపిస్తే మీరే కదిలించి అడగండి. అతన్ని ఒంటరిగా వదలకండి, అధికారికి చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు.

వెళ్లేముందు చేయాల్సినవి

దేహదారుఢ్య పరీక్ష అయిపోయాక చాలామంది పరుగు మానేస్తారు. ఫలితాలు వచ్చి, శిక్షణ మొదలయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో వారానికి నాలుగైదు రోజులు, కొద్దికొద్దిగా పెంచుతూ, బూట్లతోనే పరుగెత్తండి. రాత్రి పదికి పడుకుని నాలుగున్నరకు లేవడం రెండు వారాల ముందు నుంచే అలవాటు చేసుకోండి.

చెల్లెళ్లు ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉంటే ఎంత పట్టుదల ఉన్నా ఆయాసం తగ్గదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. నెలసరి ఇబ్బంది ఎక్కువగా ఉంటే మహిళా అధికారికి సిగ్గుపడకుండా చెప్పండి.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవారే. ముందు భువనగిరి గుట్ట ఎక్కారు. తర్వాత పెద్ద కొండలకు పోయారు. ఒత్తిడిని మెట్టు మెట్టుగా ఎక్కితే ఒళ్లు గట్టిపడుతుంది, ఒక్కసారే నెత్తిన వేసుకుంటే నడుము విరుగుతుంది.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఇప్పటికే యూనిఫాం వేసుకున్న అన్నలు, అక్కలు మన హాస్టల్ నుంచి ఈసారి ఎంపికైనవారికి మొదటి నెలలో ఆదివారం ఆదివారం ఒక ఫోను చేయండి. "నాకూ ఇలాగే అయింది, పోతుందిలే" అన్న ఒక్క మాట చాలు. ఆ మాటతో ఒకరు పెట్టె సర్దుకోవడం మానినా, ఒక ఇంటికి మొదటి జీతం చేరుతుంది, ఒక ఊరి స్టేషన్‌లో మన బాధ తెలిసిన మనిషి ఒకరు కూర్చుంటారు.

ఈ ఏడు గ్రౌండుకు వెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా శుభాకాంక్షలు.