పట్టాలు లేని త్రోవ



కాకినాడనుండి కోటిపల్లికి 1928వ సంవత్సరమున ఒక రైలుమార్గము వేయబడెను. రెండవ ప్రపంచయుద్ధమున ఇనుము కావలసివచ్చి 1940లో దాని పట్టాలను పెరికి తీసికొనిపోయిరి. 2004లో మరల పట్టాలు పడి బండి నడచినది. ఈ నడిమికాలమున, ద్రాక్షారామమునకు దాపున, పట్టాలు లేని ఆ కట్టమీదనే నేను బాల్యమున సైకిలు నేర్చితిని. పడినచో మోకాలికి మట్టి యంటుకొనెడిది. అంతకుమించిన భయము లేదు. వెనుకనుండి తరుముకొని వచ్చు బండి లేదు.

పిమ్మట ముప్పది సంవత్సరములు తెలుగు పండితుడనై సైకిలుమీదనే బడికి పోయితిని. పదవీవిరమణకు మూడేండ్లు ముందు, తొమ్మిదవ తరగతి చదువుచున్న నా శిష్యుడొకడు పెద్దరోడ్డువెంట సైకిలుపై బడికి వచ్చుచుండగా లారీ తగిలి మరణించెను. ఆ సంగతి తెలియక నేనా యుదయమున హాజరుపట్టీ చదువుచు అతని పేరు రెండుమారులు పిలిచితిని. నాటినుండి నేను సైకిలు ఎక్కలేదు.

అట్టి నేను గడచిన వేసవిలో నాలుగు దినములపాటు సైకిలు త్రొక్కి, మూడు దేశముల నేలమీద 125 కిలోమీటర్లు పోయి వచ్చితిని. అది నా సాహసము కాదు; ఆ త్రోవ గొప్పతనము. అట్టి త్రోవ యెట్లు కలిగినదో చెప్పుటయే నేటి నా ప్రసంగవిషయము.

మా కుమార్తెయు అల్లుడును జర్మనీదేశపు పడమటి అంచున ఆఖెన్ అను నగరమున నివసింతురు. ఆ నగరమున మొదలై, బెల్జియము గుండా దక్షిణముగా సాగి, లక్సెంబర్గు దేశమున త్రువావియెర్జ్ అను ఊర ముగియు ఈ మార్గమునకు ‘ఫెన్‌బాన్’ అని పేరు. ‘ఫెన్’ అనగా చిత్తడినేల. ‘బాన్’ అనగా రైలుదారి. చిత్తడినేలల రైలుదారి యని అర్థము. పేరులో రైలున్నది కాని నేడు దానిపై రైలు లేదు. సైకిళ్లవారికిని పాదచారులకును మాత్రమే అది విడువబడినది. మోటారుబండ్లకు ప్రవేశము లేదు.

ఈ దారిని ప్రష్యా ప్రభుత్వము వేయించెను. 1885లో ఆఖెన్‌నుండి మోన్‌షావు వరకును, 1889లో త్రువావియెర్జ్ వరకును బండ్లు నడచినవి. ఆఖెన్ ప్రాంతమున బొగ్గు కలదు. లక్సెంబర్గు, లొరేన్ సీమలలో ఇనుపరాయి కలదు. బొగ్గు దక్షిణమునకును, రాయి ఉత్తరమునకును పోవుటకే యీ దారి పుట్టినది.

ఇచ్చట నొక సూక్ష్మమును గ్రహింపవలెను. మనుష్యుడు కొండనెక్కగలడు, ఎద్దుబండియు నెట్లో ఎక్కును. బొగ్గు నిండిన రైలుబండి మాత్రము ఎక్కలేదు. నున్నని పట్టామీద నున్నని చక్రము జారిపోవును. అందుచే ఆనాటి యింజనీర్లు ఎత్తైనచోట నేలను త్రవ్వియు, పల్లమైనచోట కట్టపోసియు, లోయ అడ్డమైనచోట వంతెన కట్టియు, కొండకు అడ్డముపోక దాని నడుమును చుట్టి వచ్చియు దారిని సాధించిరి. ఆఖెన్‌నుండి సూర్‌బ్రోట్ అను ఊరి దగ్గర నున్న శిఖరస్థానమునకు పోవునప్పటికి మనము సుమారు 550 మీటర్ల యెత్తున నుందుము. అయినను ఆ వాలు ప్రాయికముగా నూటికి రెండును మించదు. అనగా నూరడుగులు ముందుకు పోయినచో రెండడుగులు పైకి పోవుట. ఆవిరియంత్రపు బలహీనత నాటి వారిచేత చేయించిన యీ మెత్తని వాలు నేడు నా మోకాళ్లకు ఉపకరించినది.

ఇక సరిహద్దు కథ. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919 నాటి వెర్సాయి సంధిచేత ఒయిపెన్, మాల్మెడీ మండలములు జర్మనీనుండి బెల్జియమునకు సంక్రమించెను. ఆ మండలములను కలుపు రైలుదారి యిదియే. అది మాత్రము నడుమ నడుమ జర్మనీకి మిగిలిన మోన్‌షావు మండలములో దూరి వచ్చుచుండెను. దారి యొకరిది, నేల యొకరిది యైనచో కుదరదని బెల్జియము వాదించెను. తుదకు రైలుకట్టయు స్టేషనులును బెల్జియమువే యని సరిహద్దు సంఘమువారు నిర్ణయించిరి. తత్ఫలితముగా, కొన్ని గజముల వెడల్పు గల బెల్జియపు నేల జర్మనీలో నొక రిబ్బనువలె పరచుకొన్నది. దానికి పడమటనున్న జర్మను పల్లెలు తమ దేశమునుండి తెగి ద్వీపములైనవి. అట్టి భూద్వీపములు నేటికిని అయిదు కలవు. వానిలో మ్యూట్సెనిఖ్ పూర్తియగు గ్రామము. ర్యూక్‌ష్లాగ్ అనునది ఒక యిల్లు, దాని తోట, అంతియే. ఆ యింటి యజమాని వీధిలోనికి వచ్చుట పరదేశగమనము. మన వ్యాకరణమున గూడ ఇంతటి అపవాదసూత్రము నేను చూడలేదు!

నవ్వు వచ్చు విషయమే కాని ఈ దారివెంట ఏడ్పు మిక్కిలి జరిగినది. 1914 ఆగస్టు 1వ తేదీన జర్మను సైనికులు లక్సెంబర్గులో మొట్టమొదట అడుగుపెట్టినది ఈ దారి చివరనున్న త్రువావియెర్జ్ స్టేషనులోనే. 1940లో జర్మనీ ఈ మండలములను మరల ఆక్రమించెను. 1944 సెప్టెంబరు 12న అమెరికా సేనలు జర్మనీలో తొలుత పట్టుకొన్న ఊరు ఈ దారిమీది రోట్‌గెన్. ఆ సంవత్సరమే క్రిస్మస్ దినములలో సాంక్ట్ ఫీట్ పట్టణము బాంబులచే నేలమట్టమైనది. యుద్ధము ముగిసిన పిదప మండలములు బెల్జియమునకు తిరిగి చేరెను.

అటుపిమ్మట కాఫీ వంతు వచ్చెను. జర్మనీలో కాఫీగింజలపై పన్ను మిక్కిలి హెచ్చు, బెల్జియములో చవుక. 1945 మొదలు 1953లో జర్మనీ ఆ పన్నును తగ్గించువరకు ఈ చిత్తడినేలలమీదుగా, చీకటిలో, పురుషులు, స్త్రీలు, పిల్లలు సహితము కాఫీమూటలను దాటించిరి. కావలివారి తుపాకులకు కొందరు ప్రాణములు కోల్పోయిరి. కాఫీ లేనిదే తెల్లవారని యింట పుట్టినవాడను గనుక ఈ కథ నాకు కొంత మనసున నాటినది.

మోటారుబండ్లు పెరిగిన కొలది రైలునకు పని తగ్గెను. తుదకు యాత్రికులకై నడచిన ఆవిరిబండియు 2001లో నిలిచిపోయెను. తరువాత చాలమేర పట్టాలు తీసివేయబడెను. పట్టాలు పోయిన తరువాత కట్ట యెవరిది? సంధిలో చెప్పినది రైలుదారినిగూర్చి. రైలే లేనప్పుడు నేల జర్మనీకి రావలదా యని కొందరికి సందేహము కలిగెను. రాదు, ఆ రిబ్బను బెల్జియముదే యని తేలినది.

శ్రోతలారా, నాకు తోచిన ముఖ్యవిషయ మిక్కడనే కలదు. పాత రైలుకట్ట యెక్కడనైనను సామాన్యముగా ఎట్లు నశించును? ఒకచోట పొలమువాడు కలుపుకొనును; ఒకచోట ఇండ్లస్థలములుగా అమ్ముదురు. నూరు మైళ్ల దారిలో అరమైలు తెగినను దారి తెగినట్లే. గొలుసునకు ఒక లంకె పోయిన చాలును. ఇచ్చట అట్లు కాలేదు. కలహించి పొందిన నేల గనుక బెల్జియము దానిని ముక్కలు కానీయలేదు. ఆ దేశపు వలోనియా ప్రాంతమున 1995నుండి పాత రైలుకట్టలను, కాలువగట్లను కూర్చి మందగమన మార్గముల నొక వలగా అల్లుచున్నారు. ఆ వల పొడవు 1,000 కిలోమీటర్లకు మించినది. ఫెన్‌బాన్ ఆ వలలో చేరి, మూడు దేశముల సహకారముతో 2013లో పూర్తియైనది. వైరము కాపాడిన నేలను స్నేహము త్రోవగా మార్చినది.

ఆ త్రోవమీద నేను చూచినదేమి? ఆఖెన్ విడిచిన కొలదిసేపటికే కోర్నెలిమ్యూన్‌స్టర్ చెంత రాతివంతెనమీదుగా లోయను దాటితిని. రోట్‌గెన్ దాటినది మొదలు ఫర్ వృక్షముల నీడ. మోన్‌షావు లోయ అడుగున నున్నది. పలకరాతి కప్పుల యిండ్లు, నడుమ రూర్ నది. దానిని చూడవలెనన్న క్రిందికి దిగి మరల ఎక్కవలెను. ఆపైన చిత్తడినేలలు. సముద్రముమీదినుండి వచ్చు తడిగాలికి తొలుత అడ్డమగు ఎత్తు ఇదియే గనుక వాన మిక్కుటము. క్రింద నీరింకని బంకమట్టి. నాచు చచ్చి కుళ్లక పొరలుపొరలుగా పేరుకొని, వేల సంవత్సరములకు దూదివలె మెత్తని నల్లనేలయైనది. దానిపై తెల్లని ప్రత్తికుచ్చులవంటి పూవులు గల గడ్డి ఊగుచుండును. వేసవియైనను వానకోటు లేక పోరాదు. నేను రెండుమారులు తడిసితిని.

భాషలును దారివెంట మారుచుండును. రారెన్‌లో జర్మను, వేమ్‌లో ఫ్రెంచి, సాంక్ట్ ఫీట్‌లో మరల జర్మను, తుదకు లక్సెంబర్గు భాష. బెల్జియములో 75,000 మందికి పైగా జర్మను మాతృభాషగా గలవారున్నారు. వారి భాష ఆ దేశపు మూడు అధికారభాషలలో నొకటి. త్రువావియెర్జ్ అనగా ఫ్రెంచిలో ముగ్గురు కన్యలని అర్థము. ఆ యూరినే జర్మనులు ఉల్ఫ్లింగెన్ అందురు. సరిహద్దు ఎక్కడ దాటితినో నాకు పలుమారులు తెలియనే లేదు. 1985లో లక్సెంబర్గునందలి షెంగెన్ గ్రామమున జరిగిన ఒడంబడిక ఫలమిది. నేను పోయిన దినములలో నన్నెవరును ఆపలేదు. అయినను పాస్‌పోర్టును వెంట ఉంచుకొనుట మేలు.

ఈ త్రోవ నిర్దోషమని చెప్పను. అక్కడక్కడ మోటారురోడ్లను దాటవలెను. లక్సెంబర్గు సరిహద్దున లెంగెలర్ సొరంగమును గబ్బిలములకు విడిచిపెట్టిరి. త్రోవ కొండమీదికి నిటారుగా ఎక్కును. అచ్చట నేను దిగి సైకిలును నెట్టుకొని పోయితిని. గబ్బిలములకు కలిగిన సుఖమునకు నేనేల అసూయపడవలెను?

మూడవనాటి యుదయమున, వీపున పుస్తకపుసంచితో తొమ్మిది పది యేండ్ల బాలిక యొకతె సైకిలుమీద నన్ను దాటి పోయెను. తోడు పెద్దవారెవరును లేరు. ఆమె వెనుకకు తిరిగి చూడలేదు. చూడవలసిన పనియు లేదు. నేను మాత్రము ప్రక్కకు దిగి కొంతసేపు నిలిచితిని.

మన దేశముననూ పట్టాలు తీసిన కట్టలు, కాలువగట్లు కలవు. అవి ముక్కలు కాకముందే వానిని ప్రజలకు త్రోవగా నిలుపుట పెద్దధనముతో పని కాదు, ముందుచూపుతో పని. కోటిపల్లి కట్ట నిలిచినందుననే కదా 2004లో రైలు తిరిగి వచ్చినది!

ఇంటికి వచ్చిన పిమ్మట నా పాతసైకిలునకు టైర్లు మార్పించితిని. తెల్లవారుజామున కాలువగట్టుమీద ఒక క్రోసెడు దూరము పోయి వచ్చుచున్నాను. పెద్దరోడ్డు దాటవలసినచోట దిగి, నడిపించుకొని పోవుచున్నాను.