ఇంటరు పాసైన బిడ్డ వెంట ఎవరున్నారు?

ఇంటరు ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. మన అడవి పల్లెలలో అదే తునికాకు కాలము. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల వైపు తల్లిదండ్రులతోబాటు పాసైన పిల్లలు కూడ తెల్లవారకముందే ఆకుకు పోతారు. కట్టలు కట్టి కల్లములో అప్పగించే ఆ కొద్ది వారాలలోనే డిగ్రీ ప్రవేశాల గడువు వచ్చి పోతుంది. మార్కులుండి కూడ కాగితము లేక, తేది తెలియక సీటు పోగొట్టుకొన్న బిడ్డలు మన సంఘాలలో ఉన్నారు. వారికి తోడు నిలబడడానికి తల్లిదండ్రులు చదువుకొన్నవారే కానక్కరలేదు.

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నవి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కళాశాలలు కాకతీయ విశ్వవిద్యాలయము క్రిందివి. కళాశాల కళాశాలకు తిరగనక్కరలేదు, ఒకటే దరఖాస్తు. ఇటీవలి సంవత్సరాలలో మొదటి విడతలో రుసుము 200 రూపాయలు, తరువాతి విడతలలో 400. బిడ్డ ఆధారుకు ఫోను నంబరు జతపడి ఉండాలి. ఆ ఫోను తండ్రి జేబులో మిరప కోతకు పోతే సంకేత సంఖ్య ఎవరికి వస్తుంది? సీటు వచ్చిన తరువాత కూడ గడువులోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకొని రిపోర్టు చేయకపోతే ఆ సీటు పోతుంది. 'సీటు వచ్చిందిలే' అని నిశ్చింతగా ఆకుకు పోయినవారికి ఇక్కడే దెబ్బ తగులుతుంది.

మన ఇండ్లలో ఇంకొక చిక్కు పేరు. బాప్తిస్మములో దానియేలు, బడి రిజిస్టరులో ముత్తయ్య, ఆధారులో మూడవ రకము! పదవ తరగతి మెమోలో ఉన్న పేరే అన్నిటిలో ఉండేటట్లు ఇంటరు రెండవ సంవత్సరములోనే దిద్దించండి. సంఘ పుస్తకములో ఏ పేరున్నా ఫరవాలేదు.

ఇక కుల ధ్రువపత్రము. మొహమాటముతో దీనిని దాటవేస్తుంటాము. కోయ, కొండరెడ్డి, లంబాడా బిడ్డలకు క్రైస్తవులైనంత మాత్రాన ఎస్.టి. హోదా పోదు, దానికి మతముతో ముడిలేదు. 'చర్చికి పోతే ఎస్.టి. తీసేస్తారట' అని సంతలో ఎవరో అన్నారని భయపడి మతము గడిలో వేరొకటి రాయించనక్కరలేదు. తెలంగాణలో ఎస్.టి. రిజర్వేషను 2022లో 6 నుండి 10 శాతమైనది. ఛత్తీస్‌గఢ్ అల్లర్లలో 2005 తరువాత వచ్చి స్థిరపడిన గుత్తికోయల పిల్లలకు మాత్రము ఆ పత్రము దొరకడమే కష్టముగా ఉన్నది. అటువంటి బిడ్డ మీ సంఘములో ఉంటే పదవ తరగతి నుండే ఐ.టి.డి.ఎ. కార్యాలయానికి తిరగడము మొదలుపెట్టండి.

మాల, మాదిగ కుటుంబాల సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులు ఎస్.సి.లు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని మనలను చేర్చలేదు. రెండు తెలుగు రాష్ట్రాలలోను మనకున్నది బి.సి.-సి, 1 శాతము. ఇది అన్యాయమని సంఘాలు ఏండ్లుగా చెప్పుచున్నవి, నేనూ అంటాను. సెంటు భూమి లేని తండ్రి ఆదివారము బల్లలో పాలుపొంది సోమవారము మీ-సేవలో హిందువని రాయిస్తే అతనిని నిందించడము సులభము. అయితే ఆ కాగితము మీద సంతకము చేసి జీవితమంతా మోయవలసినది బిడ్డ. క్రైస్తవ విశ్వాసములో ఉండి రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడము రాజ్యాంగమును మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగము వచ్చే వేళకు ఆ పత్రము రద్దయితే అప్పుడెవరు ఆదుకొంటారు? ఈ మాట ఇంట్లో బిడ్డను కూర్చోబెట్టి, దరఖాస్తుకు ముందే మాట్లాడండి.

సరిహద్దు వారికి మరొక జాగ్రత్త. 2014లో ఎటపాక, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు వైపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి, భద్రాచలం పట్టణము తెలంగాణలో ఉండిపోయింది. ఇల్లు అటు, కాలేజి ఇటు అయిన పిల్లలెందరో! రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ ఏర్పాటు 2024తో ముగిసింది. స్థానికత చాలావరకు చదివిన చోటును బట్టి చూస్తారు గనుక ఆరవ తరగతి నుండి ఇంటరు వరకు స్టడీ సర్టిఫికెట్లన్నీ తెచ్చి పెట్టుకోండి.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము లభించింది, 2024లో తరగతులు మొదలైనవి. మన అడవికి పొరుగునే ఉన్నా పేరు విననివారు చాలామంది. దానికి సి.యు.ఇ.టి. అనే ప్రవేశపరీక్ష వ్రాయాలి, తెలుగులోనూ వ్రాయవచ్చు. దరఖాస్తు ఇంటరు పరీక్షల రోజులలోనో అంతకు ముందో ముగుస్తుంది కాబట్టి ఫలితాలదాకా ఆగితే ఆ ద్వారము మూసుకొన్నట్లే.

సంఘము చేయగలది చిన్న పనే. ఆరాధన తరువాత ప్రకటనలలో ఈ తేదీలు కూడ చదవండి. ఫోను బాగా తెలిసిన యౌవనస్థుడొకడు గుడి అరుగు మీద గంటసేపు కూర్చుంటే చాలు. ఆ 200 రూపాయలు లేని బిడ్డకు స్త్రీల మైత్రి సహాయము చేయవచ్చు. ఆడపిల్లను పంపడానికి వెనుకాడే తల్లులు ముందొకసారి వెళ్ళి ఆ హాస్టలు కళ్ళతో చూచి రండి. గిరిజన గురుకుల డిగ్రీ కళాశాలలు 2017 నుండి ఉన్నవి, వసతి అక్కడే.

కళాశాలలో అసలు కాగితములు అప్పగించే రోజున తండ్రి ఒకరోజు కూలి మానుకొని వెంట వెళ్ళాలి. టి.సి., మెమోలు ఇచ్చే ముందు నాలుగు జతల జిరాక్సులు తీయించి, ఒక జత ఇంట్లో, ఒక జత పాస్టరుగారి యొద్ద ఉంచండి. వానాకాలములో పూరింట్లో కాగితము నిలువదు.