ఫోరస్ రోడ్ మీద పాట వేసిన ముద్ర

సినిమాలు చూసి మనుషులు చెడిపోతారా, పాటలు విని బాగుపడతారా అన్న వాదన మన క్లాసులో ఎప్పుడూ ఉండేదే. పిల్లలు పాడైపోవడానికి సినిమాలే కారణమని కొందరంటారు. అదంతా వట్టి కాలక్షేపం, మూడు గంటలయ్యాక ఎవరి దారి వాళ్లదే అని ఇంకొందరంటారు. నాకు రెండూ సగం సగమే నిజమనిపిస్తాయి. పాట, సినిమా మన నడవడిని మార్చినా మార్చకపోయినా ఒక పని మాత్రం తప్పకుండా చేస్తాయి. మనం ఎన్నడూ చూడని ఊరి గురించి, ఎన్నడూ మాట్లాడని మనుషుల గురించి మన మనసులో ముందే ఒక బొమ్మ గీసి పెడతాయి. రేపు ఆ మనుషులు నిజంగా ఎదురుపడ్డా మనం చూసేది ఆ బొమ్మనే.

ముంబైలోని ఫోరస్ రోడ్, దాని పక్కనున్న కామాటిపుర గల్లీలు ఇందుకు మంచి ఉదాహరణ. ఆ గల్లీలకు పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. అందుకే ఆ కథ మనం తెలుసుకోవాలి.

పేరు ఎక్కడిది?

'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని మన తెలంగాణలో ఒక మాట ఉంది. బతుకుదెరువుకు మనవాళ్లు పట్టిన మూడు దారులవి. వాటిలో బొంబాయి దారి బాగా పాతది. 18వ శతాబ్దం చివరి నుంచే నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి కూలీలు బొంబాయికి వలస వెళ్లారు. అప్పటికి అది ఏడు దీవుల ఊరు. పల్లపు నేలలు పూడ్చాలి, రోడ్లు వేయాలి, భవనాలు కట్టాలి. ఆ మట్టిపని, రాతిపని చేసినవాళ్లను కామాటీలు అన్నారు. మన భాషలో కామాటి అంటే పనివాడు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటు కామాటిపుర అయింది. ఫోరస్ అన్న మాట కూడా పోర్చుగీసు కాలం నాటి భూమి పన్ను పేరు నుంచి వచ్చిందే. ఇప్పుడు ఆ రోడ్డు అధికారిక పేరు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్. అయినా జనం నోట్లో ఫోరస్ రోడ్డే.

తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. పద్మశాలీలు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు వచ్చి చాల్‌లలో స్థిరపడ్డారు. ఒక్క గది, పొడుగాటి వరండా, అందరికీ కలిపి నల్లా. మగవాళ్లు మిల్లుకో కట్టడం పనికో పోతే, ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టారు. తెలుగు పిల్లల కోసం ముంబై మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో తెలుగు కామాటి కాంట్రాక్టర్లు ఉన్నారు. ఇదీ ఆ పేరు వెనకున్న చరిత్ర.

పాటల పేట

మరి ఆ పేరుకు ఇంకో అర్థం ఎలా వచ్చింది? బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ ప్రాంతంలో కొన్ని గల్లీలు వేశ్యావాటికలయ్యాయి. అది నిజం. దాన్ని ఎవరూ దాచనక్కర్లేదు. కానీ ఆ చుట్టుపక్కలే బొంబాయి వినోదమంతా పెరిగిందన్న సంగతి చాలామందికి తెలీదు. 1846లో గ్రాంట్ రోడ్ థియేటర్ తెరిచారు. 1853లో పార్సీ నాటకాలు అక్కడే మొదలయ్యాయి. నాటకశాలలున్న చోటును ఇంగ్లీషులో 'ప్లే హౌస్' అంటే, జనం నోట పడి అది 'పీలా హౌస్' అయింది. ఆ నాటకశాలలే తర్వాత సినిమా హాళ్లయ్యాయి. పక్కనున్న ఫాక్‌లాండ్ రోడ్‌కు ఇప్పుడు పఠ్ఠే బాపూరావ్ అనే లావణి కవి పేరు పెట్టారు. ఫోరస్ రోడ్‌లోని బచ్చూసేఠ్ వాడీ ముజ్రా పాటలకు పేరుపొందింది.

మన తెలుగుకూ బొంబాయి వినోదంతో సంబంధం ఉంది. పాత పద్యనాటకాల్లో పార్సీ మెట్లు వినిపించేవి. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తయారైంది బొంబాయిలోనే. 1932 ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా థియేటర్‌లో విడుదలైంది. అంటే ఒకే పేటలో, దాని చుట్టూ కూలీ చాల్‌లు ఉన్నాయి, నాటకశాలలు ఉన్నాయి, పాటగత్తెల ఇళ్లు ఉన్నాయి, వేశ్యావాటికలు ఉన్నాయి. ఇన్నింటిలో సినిమా ఒక్కదాన్నే ఎంచుకుంది.

సినిమా ఎందుకలా చేస్తుంది?

దీనికి కారణం దుర్మార్గం కాదు, తీరిక లేకపోవడం. డైరెక్టరుకు రెండు నిమిషాల్లో 'ఇది చెడ్డ చోటు' అని చూపించాలి. గడపలో నిలబడ్డ ఆడది, ఎర్ర బల్బు, కిళ్ళీ నమిలే దళారి, వెనక హార్మోనియం. ఇంత చాలు, ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. ఒక సినిమాలో పనిచేసిన గుర్తును ఇంకో సినిమా తీసుకుంటుంది. నలభై సినిమాలయ్యేసరికి ఆ గుర్తే ఊరైపోతుంది. పాట ఇంకా బలమైనది. సినిమా ఒకసారి చూస్తాం, పాట వందసార్లు వింటాం. కథ మర్చిపోయినా పాటలో చూసిన బొమ్మ మర్చిపోం. పైగా కామాటిపుర గురించి మనకు వేరే దారిలో తెలిసింది ఏమీ లేదు కాబట్టి, ఆ బొమ్మను సరిచూసుకునే వీలూ ఉండదు.

2022 ఫిబ్రవరి 25న 'గంగూబాయి కాఠియావాడీ' విడుదలైంది. సంజయ్ లీలా భన్సాలీ తీశాడు. అందులో కనిపించే కామాటిపుర అసలు కామాటిపుర కాదు, గోరేగావ్ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్. విడుదలకు ముందు ఆ ప్రాంతం ఎమ్మెల్యే, అక్కడి వాళ్లు కోర్టుకెళ్లారు. పేటనంతటినీ ఒకే రంగులో చూపిస్తే అక్కడి ఆడవాళ్లకు చెడ్డపేరు వస్తుంది, ఆ పేరు తీసేయండి అని అడిగారు. బాంబే హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. సినిమాను ఆపాలని నేనూ అనను. కథ చెప్పే హక్కు ఉండాల్సిందే. ఆ సినిమా ఆ వృత్తిలోని స్త్రీల పక్షాన మాట్లాడింది కూడా. కానీ తెలుగు డబ్బింగ్‌లో చూస్తున్నప్పుడు ఒకటి తట్టింది. తెర మీద అందరూ తెలుగే మాట్లాడుతున్నారు, కానీ ఒక్క తెలుగు కుటుంబం కూడా నాకు కనిపించలేదు. పేరు పెట్టినవాళ్లే ఆ పేరులోంచి మాయమైపోయారు.

బతుకుల్లో ఏం జరుగుతుంది?

మా మేనత్త వాళ్లది కామాటిపురలోని ఒక చాల్. పోయిన దసరా సెలవుల్లో వెళ్లినప్పుడు మా వదినను అడిగాను. ఆమె ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. "ఏడ ఉంటవ్ అని అడిగితే నేను ముంబై సెంట్రల్ అనే చెప్త. ఆ పేరు చెప్తే ముందు నవ్వుతరు, తర్వాత నన్ను కింది నుంచి మీది దాకా చూస్తరు" అన్నది. మన జిల్లా నుంచి వచ్చిన ఒక పెళ్లి సంబంధం అడ్రసు వినగానే ఆగిపోయిందట. వాళ్లు ఆ గల్లీలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. వాళ్లకు తెలిసిందల్లా సినిమానే.

మేనత్త అందుకుని, "రాత్రి పదింటికి నా బిడ్డ డ్యూటీ నుంచి ఒక్కతే నడిచొస్తది. మా గల్లీల ఎవ్వడూ వంకరగ చూడడు. సినిమా చూసొచ్చినోడే చూస్తడు" అన్నది. విలువలను వినోదం మార్చడమంటే ఇదేనని నాకు అర్థమైంది. సినిమా ఎవరికీ చెడ్డపని నేర్పలేదు. ఒక అమ్మాయిని పేరు బట్టి కొలవడం నేర్పింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 'మేము అలాంటివాళ్లం కాదు' అని చెప్పుకోవడానికి ఆ వృత్తిలో ఉన్న స్త్రీలను కించపరిస్తే మనమూ అదే తప్పు చేసినట్టు. సినిమా వాళ్లకూ న్యాయం చేయలేదు. తెర మీద వాళ్లు రాణులైనా అవుతారు, ఏడ్చే బొమ్మలైనా అవుతారు. గది అద్దె, పిల్లల ఫీజు, రేషన్ కార్డు కోసం తిరిగే మామూలు మనుషులుగా అరుదుగా కనిపిస్తారు. 2022 మే 19న సుప్రీంకోర్టు వాళ్లకూ గౌరవంగా బతికే హక్కు ఉందని గుర్తుచేసింది. సినిమా పాట కంటే ఆ మాట ఎక్కువమందికి చేరాల్సింది.

కళంతా ఇలాగే చేస్తుందని కూడా అనలేం. దేశ విభజన రోజుల్లో ఉర్దూ రచయిత కృషన్ చందర్ రాసిన ఒక కథలో ఫోరస్ రోడ్ వేశ్య నెహ్రూకూ జిన్నాకూ ఉత్తరం రాస్తుంది. అల్లర్లలో దిక్కులేనివాళ్లై తన దగ్గరికి చేరిన ఒక హిందూ పిల్లనూ, ఒక ముస్లిం పిల్లనూ కూతుళ్లుగా తీసుకోమని వాళ్లను అడుగుతుంది. అక్కడ ఫోరస్ రోడ్ మనం చూసి నవ్వుకునే చోటు కాదు, మనల్ని ప్రశ్నించే చోటు. అదే వీధి, అదే మనిషి. ఎవరు మాట్లాడుతున్నారన్న దాంట్లోనే తేడా ఉంది.

మరి మనమేం చేయాలి?

సినిమాలు మానేయమని నేను చెప్పను, నేనే మానలేను. ఆ చాల్‌లలో మన భాష మిగలడానికి కూడా పాటే ఒక కారణం. మా మేనత్త మనుమరాలు బడిలో మరాఠీ, హిందీ మాట్లాడుతుంది. బతుకమ్మ నాడు మాత్రం తెలుగులో పాడుతుంది. అర్థం తెలియని మాటలుంటే నానమ్మను అడుగుతుంది. కాబట్టి పాట తీసుకునేదే కాదు, ఇచ్చేది కూడా. ఏ పాట ఏమిస్తోందో, ఏం తీసుకుంటోందో చూసుకోవడమే మన పని. ఒక ఊరినో, కులాన్నో, వృత్తినో తెర మీద చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇక్కడ ఇంకా ఎవరెవరు ఉంటారు? వాళ్లు ఎందుకు కనిపించడం లేదు?

ఇప్పుడు కామాటిపుర పాత చాల్‌లను కూల్చి కొత్త భవనాలు కట్టే ప్రణాళిక మ్హాడా చేతిలో ఉంది. ఆ వరండాలు పోతే, రేపటివాళ్లకు మిగిలేది సినిమా కామాటిపుర ఒక్కటే. అది జరగకముందే మనం రాసి పెట్టుకోవాలి. మీ ఇంట్లో బొంబాయి పోయిన తాతలు, నానమ్మలు ఉంటే వాళ్లు ఏ గల్లీలో ఉన్నారు, ఏం పని చేశారు, ఏం పాడుకున్నారు అని అడగండి. ఒక్క పేజీ రాసి తెలుగు విభాగంలో ఇవ్వండి. వచ్చే నెల ఈ గోడ మీద అవే పెడదాం.