కంప్యూటరు మూగనోము పడితే

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా అత్తగారికి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలంటే పండుగే. డాలస్‌లో వున్న మా మరిదికి అది శనివారం రాత్రి. పిల్లలతో సహా కంప్యూటరు ముందుకు వస్తాడు. ఆవిడకి వినికిడి తక్కువ, సెల్‌ఫోనులో మాట అందదు. పెద్ద స్పీకర్లున్న కంప్యూటరే ఆధారం. మొన్న ఒక ఆదివారం తెరమీద మనవరాలు కనబడింది, నవ్వింది, పెదవులు కదిపింది. మాట మాత్రం లేదు! "నాకు పూర్తిగా చెవుడొచ్చేసిందే అమ్మాయ్" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "మీ చెవులకేం కాలేదత్తయ్యా, మాకూ వినబడటం లేదు" అని నచ్చచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మరమ్మతు కుర్రాడికి ఫోన్ చేస్తే, చూడకుండానే "సౌండు కార్డు పోయిందండీ, మూడువేలవుతుంది" అన్నాడు. చివరికి పైసా ఖర్చు లేకుండా బాగైంది. ఎలాగో చెబుతాను.

కుళాయిలో నీళ్ళు రాకపోతే వెంటనే గోడ పగలగొట్టిస్తామా? ముందు కుళాయి తిప్పి చూస్తాం, తర్వాత ట్యాంకు, ఆ తర్వాత మోటారు. ఇదీ అంతే. కంప్యూటరులో పాట అంకెల రూపంలో వుంటుంది. సి.డి. పాటలో అయితే ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచిన అంకెలు. వాటిని విద్యుత్ తరంగాలుగా మార్చేది ఒక చిన్న చిప్పు. ఆ తరంగాలు వైరు గుండా వెళ్ళి స్పీకరులోని పల్చటి పొరను కదిలిస్తే మనకి శబ్దం వినిపిస్తుంది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. కంప్యూటరుకి బీప్ మనడం తప్ప పెద్దగా గొంతు లేదు. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ వంటి కార్డులు విడిగా కొని అమర్చుకునేవారు. ఇప్పుడు చాలా కంప్యూటర్లలో ఆ చిప్పు లోపలి పెద్ద బోర్డు మీదే వుంటోంది. అంచేత "కార్డు పోయింది" అనగానే బెంబేలు పడనక్కరలేదు.

మొదట స్పీకర్లు చూడండి. స్విచ్చి వేసి వుందా, దీపం వెలుగుతోందా, గుండీ పూర్తిగా తగ్గించి లేదు కదా? తర్వాత వెనకాల వైరు. సాధారణంగా ఆకుపచ్చ రంధ్రం స్పీకర్లకి, గులాబీది మైకుకి, నీలం బయటి శబ్దాన్ని లోపలికి తీసుకోవటానికి. దుమ్ము దులిపేటప్పుడు ఊడిన వైరుని మనమే తొందరలో గులాబీ రంధ్రంలో గుచ్చుతూ వుంటాం! ఆకుపచ్చ రంధ్రంలో ఇయర్‌ఫోను పెట్టి వినండి. వినబడితే లోపం స్పీకర్లదీ, వాటి వైరుదే.

రెండవది, తెర అడుగున కుడిపక్క వుండే స్పీకరు బొమ్మ. దానిమీద ఇంటూ గుర్తు వుంటే నోరు నొక్కేశారన్నమాట. పిల్లలు కీబోర్డు మీద ఆ మీట నొక్కేసి వుండవచ్చు.

మూడవది మా ఇంట్లో జరిగినది. అంతకు రెండు రోజుల ముందు మావారు కొత్త మానిటరు తెచ్చి హెచ్.డి.ఎం.ఐ. వైరుతో తగిలించారు. ఆ వైరు బొమ్మనీ, శబ్దాన్నీ రెంటినీ మోసుకుపోతుంది. విండోస్ ఆ మానిటరునే స్పీకరనుకుంది. దానికేమో స్పీకర్లే లేవు! నీళ్ళు వస్తూనే వున్నాయి, కాని పక్కవాటా వాళ్ళ ట్యాంకులోకి. అలమరలో మరిచిపోయిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా ఇలాగే శబ్దాన్ని లాక్కుంటాయి. స్పీకరు బొమ్మ నొక్కితే, విండోస్ 10లో శబ్దం గీత పైన పరికరం పేరు, విండోస్ 11లో గీత పక్కన చిన్న గుర్తు వుంటాయి. అక్కడ నొక్కి, జాబితాలో మన స్పీకర్ల పేరు ఎంచుకోవాలి.

నాలుగవది, పాటలు వినబడి ఫోను మాటలే వినబడకపోతే, ఆ మాట్లాడే ప్రోగ్రాములోనే విడిగా స్పీకరు ఎంపిక వుంటుంది, అది చూడండి. అవతలివాళ్ళు మైకు కట్టేసుకున్నారేమో కూడా అడగండి!

ఇవేవీ కాకపోతే కంప్యూటరుని ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. అయినా పలకకపోతే 'డ్రైవరు' చెడివుండవచ్చు. విండోస్‌కీ చిప్పుకీ మధ్య దుబాసీ వంటిదది. స్టార్ట్ బొమ్మ మీద మౌసు కుడిమీట నొక్కి, 'డివైస్ మేనేజర్' తెరిచి, సౌండ్ అని వున్న వరసలో మీ ఆడియో పరికరాన్ని 'అన్‌ఇన్‌స్టాల్' చేసి, కంప్యూటరు మళ్ళీ వేస్తే చాలాసార్లు విండోసే దాన్ని తిరిగి పెట్టుకుంటుంది. డ్రైవరుని కూడా తీసెయ్యమంటారా అని అడిగే గడిలో మాత్రం టిక్కు పెట్టకండి.

ఒక్క హెచ్చరిక. సాయం చేస్తామంటూ తెరమీద హఠాత్తుగా వచ్చే ఫోను నంబర్లకి ఫోన్ చెయ్యకండి. మీ కంప్యూటరుని దూరం నుంచి నడుపుతామంటే ఒప్పుకోకండి, ఓ.టి.పి. చెప్పకండి. శబ్దం మాట దేవుడెరుగు, బ్యాంకులో డబ్బు పోతుంది. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

నిజంగా చిప్పే పోయినా, యు.ఎస్.బి. రంధ్రంలో గుచ్చే చిన్న సౌండు పరికరం కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. మూడువేలు అప్పుడూ అక్కరలేదు.

మరుసటి ఆదివారం "నానమ్మా, వినబడుతోందా?" అని మనవరాలు గట్టిగా అరిచింది. మా అత్తగారు ముసిముసిగా నవ్వుతూ, "మెల్లిగా మాట్లాడవే తల్లీ, నాకేం చెవుడా!" అన్నారు.