ఎనిమిదో నెల మీద పడ్డ నింద

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదు." నెలలు నిండకుండా నొప్పులొచ్చిన ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ ఈ మాట అనే ఉంటుంది. నిజం దీనికి తలకిందులు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే.

మెలికంతా ఊపిరితిత్తుల్లో ఉంది. తడిసిన పాలిథిన్ కవరు నోరు తెరవబోతే పొరలు రెండూ అతుక్కుపోయి వేళ్లకు లొంగవు. నెలలు నిండని బిడ్డ గాలితిత్తులూ అంతే. అవి అతుక్కోకుండా లోపల సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పూత ఉండాలి. అది 24వ వారం ప్రాంతంలో మొదలైనా, చాలినంత ఊరేది 34, 35 వారాలకే. ఈ పూత చాలకే నెలలు నిండని పిల్లలకు ఊపిరాడడం లేదని మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ 1959లో తేల్చారు. నాలుగేళ్లకు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందు పుట్టి, రెండు రోజులైనా నిండకుండా ఈ జబ్బుతోనే పోయాడు. "చూశారా, ఎనిమిదో నెల!" అంటారేమో. ఏడో నెలలో పుట్టి ఉంటే ఆ పూత ఇంకా పలచగా ఉండేది.

ఆ పూత త్వరగా ఊరేలా తల్లికి మందు ఇస్తామంటే వినిపించే మాట: "స్టెరాయిడ్ ఇంజెక్షనా? బిడ్డకు చెరుపు." ఈ భయం పోవాలంటే న్యూజిలాండ్ గొర్రెల కథ వినాలి. కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలని గ్రాహం లిగిన్స్ అనే డాక్టరు కడుపులోని గొర్రెపిల్లలకు స్టెరాయిడ్ హార్మోన్లు ఇచ్చి చూస్తున్నాడు. బతికే అవకాశమే లేనంత ముందుగా పుట్టిన ఒక పిల్ల ఊపిరి పీలుస్తూ కనబడింది. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి. ఆ దారినే వెళ్లి ఆయన, రాస్ హౌయీ 1972లో ఆక్లండ్ తల్లుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు వెలువరించారు. తల్లి ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ కార్టిసాల్ ఎంత ఉన్నా మాయ దాన్ని చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. అందుకే మాయను దాటగలిగే డెక్సామెథసోన్, బీటామెథసోన్ వాడతారు. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పయ్యేలా ఉంటే 12 గంటలకొకటి చొప్పున 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ నాలుగుసార్లు. ఆ ఒక్క కోర్సుకు భయపడనక్కర్లేదు. అవసరం లేకపోయినా మళ్లీ మళ్లీ ఇస్తే మాత్రం బిడ్డ బరువు తగ్గవచ్చు.

"బొద్దుగా ఉన్నాడు, ఊపిరికేం ఢోకా లేదు." తల్లికి షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. బిడ్డను లావు చేసే ఆ ఇన్సులినే సర్ఫాక్టెంట్ తయారీకి అడ్డం పడుతుంది. నాలుగు కిలోల బిడ్డకూ ఆయాసం రావచ్చు.

"అరకడుపు తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుంది." 1944–45 చలికాలంలో డచ్ తల్లులు కరువుతో మాడారు. ఆ కరువు నడిగర్భంలో తగిలిన పిల్లలకు పెద్దయ్యాక శ్వాసనాళాలు బిగుసుకునే జబ్బులు ఎక్కువగా కనిపించాయి. నేపాల్‌లో విటమిన్ ఎ కొరత ఉన్న పల్లెల్లో గర్భానికి ముందు నుంచీ ఆ విటమిన్ అందిన తల్లుల పిల్లలు 9–13 ఏళ్ల వయసులో ఊపిరి మరింత బలంగా ఊదగలిగారని 2010లో తేలింది. అలాగని మందుల షాపుకు పరిగెత్తకండి. కొరత ఉన్నచోటే ఆ మేలు. మోతాదు మించితే విటమిన్ ఎ గర్భానికి చేటు.

ఇక మన దగ్గర బాగా చెల్లుబాటయ్యే మాట: "37 వారాలు నిండాయి, మంచి ముహూర్తం ఉంది, కోసేయండి." 2019–21 సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే, అదీ అవి స్వయంగా ఊరించిన నీరు. నొప్పులు మొదలైతే బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్ని, ఆ నీటిని లోపలికి పీల్చుకోమని తిత్తులకు చెబుతుంది. నొప్పులే రాకుండా తీసిన బిడ్డకు ఆ కబురు అందదు. పుట్టగానే డొక్కలు ఎగరేస్తూ ఆయాసపడుతుంటే నర్సు ఎత్తుకుని నవజాత శిశువుల వార్డుకు పరిగెడుతుంది. వారం తగ్గేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది కాబట్టే, వేరే ఇబ్బందేమీ లేకపోతే 39 వారాలు నిండాకే కోయాలంటారు డాక్టర్లు. ముహూర్తం తప్పదనుకునేవాళ్లు 39 వారాలు ఏ తేదీకి నిండుతాయో పంతులుగారికి ముందే చెప్పాలి. ఆ తర్వాతి రోజుల్లోనే ఆయన పంచాంగం తిరగేస్తారు.