తేనెటీగల కలిమిలేములు

తేనెటీగల పెంపకమంటే తేనెను పిండుకోవడమేనని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఒక పెద్ద కుటుంబపు కలిమిలేములను ఏడాది పొడవునా కనిపెట్టి ఉండే విద్య.

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాలు హైదరాబాదు నగరానికి కూరగాయలను, పూలను పండించి పంపే నేలలు. ఎంకపల్లి వంటి పల్లెలలో పెరటి పందిరి మీద సొరపాదు, దడి మీద గుమ్మడిపాదు పాకడం సహజం. ఈ పాదులకు ఆడపూలు వేరు, మగపూలు వేరు. పుప్పొడి అందని ఆడపువ్వు అడుగున ఉన్న పిందె పసుపుబారి రాలిపోతుంది. ఆ పుప్పొడిని మోసుకువచ్చే జీవులలో ముఖ్యమైనది తేనెటీగ.

పెరటిలో పెంచడానికి అనువైనది మన పుట్టతేనెటీగ. అది చెట్టుతొర్రలలోను, పుట్టలలోను పక్కపక్కన అనేక తుట్టెలు కడుతుంది. అందువల్ల పెట్టెలోని చట్రాలకు సులభంగా అలవాటుపడుతుంది. ఆరుబయట ఒకే పెద్ద తుట్టెను వేలాడదీసే కొండతేనెటీగ పెట్టెలో ఇమడదు. తుట్టెను కోయకుండా పైకి తీసి చూడగల చట్రాల పెట్టెకు 1851లో అమెరికా దేశస్థుడు లాంగ్‌స్ట్రాత్ మార్గం చూపాడు. నేటి పెట్టెలలో చాలావాటికి అదే ఆధారం.

తేనెటీగలు ముఖ్యంగా రెండు కారణాల చేత ఇల్లు విడుస్తాయి. ఒకటి లేమి, రెండవది కలిమి. రెండూ చూపునకు ఒకే విధంగా ఉన్నా, వాటికి చేయవలసిన ఉపాయాలు వేరు.

వానలు ఎడతెగక కురిసే రోజులలోను, పూలు కరవైన వేళలలోను నిలువ ఉన్న తేనె తరిగిపోతుంది. రాణి ఈగ గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఆకలి, ఎండవేడిమి, చీమలు, మైనపు పురుగు వీటిలో ఏది మితిమీరినా పుట్టతేనెటీగలు తుట్టెలను వదలి మొత్తంగా వలసపోతాయి. దీనికి మందు ఆహారమే. కాచి చల్లార్చిన నీటిలో సమానమైన తూకంలో చక్కెరను కరగించి, సాయంకాలం పెట్టె లోపల ఉంచాలి. ఈగలు మునిగిపోకుండా పాత్రలో పుల్లలు వేయాలి. పాకం బయట ఒలికితే చీమలు చేరుతాయి. ఇతర పట్టుల ఈగలు దోపిడికి దిగుతాయి. పెట్టె కోళ్లను నీటి గిన్నెలలో నిలిపితే చీమల బెడద తగ్గుతుంది.

పూలకాలానికి కొద్ది వారాల ముందు ఇచ్చే కొంచెం పాకం మరొక మేలు చేస్తుంది. ఆహారం వస్తున్నదని గ్రహించి రాణి గుడ్లు పెంచుతుంది. మోదుగ పూసి, ఉగాది పచ్చడిలో వేసుకొనే వేపపూత వచ్చేనాటికి కూలి ఈగల బలగం సిద్ధమవుతుంది. తేనె గది అమర్చిన తరువాత మాత్రం పాకాన్ని ఆపివేయాలి. ఈగల ఆకలి తీర్చే చక్కెర తేనెలో కలిస్తే, అది కొనేవారికి చేసిన మోసమే అవుతుంది.

వసంతంలో కలిమి పెరుగుతుంది. గూడు ఇరుకవుతుంది. పోతుటీగలు ఎక్కువవుతాయి. తుట్టె అంచున కిందికి వేలాడే రాణిగదులు కనిపిస్తాయి. గుడ్డు పెట్టిన సుమారు ఎనిమిదవ నాటికి రాణిగదికి మూత పడుతుంది. సాధారణంగా ఆ సమయంలోనే పాత రాణి సగం బలగంతో బయలుదేరుతుంది. అందుకే ఈ రుతువులో వారానికొకసారి పెట్టెను చూడాలి. పది దినాలు ఆలస్యమైతే కుటుంబం చేయి దాటిపోవచ్చు.

ముందుగా తేనె గదిని చేర్చి చోటు కల్పించాలి. రాణిగదులు అప్పటికే కట్టినట్లయితే, పాత రాణిని కొన్ని తుట్టెలతో, వాటిపై ఉన్న ఈగలతో వేరొక పెట్టెలోకి మార్చాలి. పాత పెట్టెలో ఒకటి రెండు మంచి రాణిగదులనే ఉంచాలి. ఈ విధంగా ఒక కుటుంబం రెండవుతుంది. కొత్త రాణి బయట పోతుటీగలతో కలిసి వచ్చి గుడ్లు పెట్టేవరకు ఆ పెట్టెను కదపరాదు.

ఒక్కొక్కసారి విడిపోయిన గుంపు కొమ్మపై గుత్తిగా వాలుతుంది. దానిని చూసి భయపడి నిప్పు పెట్టేవారున్నారు. కడుపునిండా తేనె తాగి బయలుదేరిన ఆ ఈగలు కొత్త ఇల్లు వెదకుతూ ఉంటాయి. రెచ్చగొట్టనంతవరకు సాధారణంగా కుట్టవు. వాటిని కాల్చిన చేయి మరుసటి కాపును కూడా కాల్చినట్లే. పైరుపై మందు చల్లవలసి వస్తే ఈగలు గూటికి చేరిన పిదప సాయంకాలమే చల్లాలి.

లేమిలో పట్టెడు చక్కెర, కలిమిలో జానెడు చోటు వేళకు అందించగలిగినవాడే తేనెటీగలను నిలుపుకోగలడు.