పాత కారు, చెప్పవలసిన లోపాలు

ఎచ్చెర్ల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు ఆరు వరుసలైంది. విశ్వవిద్యాలయం వచ్చింది, ట్రిపుల్ ఐటీ వచ్చింది, పైడిభీమవరం కర్మాగారాల బస్సులు తెల్లవారకముందే బారులు తీరుతున్నాయి. ఆ రద్దీలో ఎడమ అంచును పట్టుకుని నెమ్మదిగా సాగే పాత చిన్న కార్లను పాఠకులు చూసే ఉంటారు. ముందు సీటులో పెద్దాయన, వెనుక ముగ్గురు పిల్లలు, వారి మధ్య ఇరుక్కున్న తల్లి ఒడిలో టిఫిను క్యారియరు. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు దాటిన బండ్లవి. నిరుటి వరకు వాటిలో ఒకటి మాది.

మన దేశంలో సామాన్య కుటుంబానికి కారు అనే మాట 1983 డిసెంబరు 14న మారుతీ 800తో దగ్గరైంది. మూడు సిలిండర్ల, 796 సీసీ ఇంజను; తొలినాటి ధర సుమారు 47,500 రూపాయలు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అప్పటికే అలాంటి చిన్న కార్లు ఎన్నో వచ్చి, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేతులు మారుతూ మావంటి వారి వరకూ చేరాయి. మేము 2013లో కొన్నది 2008 నాటి బండి. అది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. దానికి జరిగిన చేటులో అధిక భాగం మా నిర్లక్ష్యం వల్ల జరిగినదే కనుక, కంపెనీ పేరెత్తడం న్యాయం కాదు.

ఆ నిర్లక్ష్యం ఎలాంటిదో ఒక వేసవి మధ్యాహ్నం మాకు తెలిసివచ్చింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న అమ్మీని వెనుక సీటులో పడుకోబెట్టి విశాఖపట్నం బయలుదేరాము. సుభద్రాపురం కూడలి దాటకముందే వేడిని చూపే ముల్లు ఎర్రగీతను తాకింది. బానెట్ సందుల నుంచి ఆవిరి లేచింది. రేడియేటరులో నీళ్లు చూసి ఎన్ని నెలలైందో మాకు గుర్తులేదు. అదృష్టవశాత్తు దారిన పోయే ఒక ఆటో సోదరుడు ఆగి అమ్మీని ఎక్కించుకున్నాడు. అల్లాహ్ దయవల్ల ఆమె కోలుకుంది. ఇంజను మాత్రం పూర్తిగా కోలుకోలేదు. హెడ్ గాస్కెట్ కాలిపోయింది. చిలకపాలెం మెకానిక్ దాన్ని విప్పుతూ, "మౌల్వీగారూ, బండి చెప్తూనే ఉంది. మీరే ఇనుకోనేదు" అన్నాడు. ఆనాటి నుంచి డిక్కీలో ఒక నీళ్ల సీసా ఉంచడం, ప్రతి శుక్రవారం ఫజ్ర్ తరువాత, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి చూడడం మాకు అలవాటైంది. వేడెక్కిన రేడియేటరు మూతను మాత్రం ఎన్నడూ తీయకూడదు. లోపలి ఆవిరి ముఖం మీదికి చిమ్ముతుంది.

రెండవ శత్రువు తుప్పు. మా మండలానికి బుడగట్లపాలెం తీరం ఉంది. ఉప్పుగాలి, వానాకాలపు బురద, చెప్పులతో వచ్చే తడి అన్నీ కాళ్ల కింది చాపలోకి ఇంకి అక్కడే నిలుస్తాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. ఒకనాడు పిల్లవాడు జారవిడిచిన తస్బీహ్ కోసం చాప ఎత్తి చూస్తే డ్రైవరు సీటు కింది రేకు అప్పడంలా పెళుసెక్కి ఉంది; స్క్రూడ్రైవరు నొక్కితే అవతలికి దిగింది. రెండుసార్లు రేకు ముక్క వేసి వెల్డింగు చేయించాము. సముద్రం దగ్గర నివసించే సోదరులు ఏడాదికి రెండు మార్లయినా చాపలు తీసి కారును ఎండలో ఆరబెట్టడం మంచిది. వెల్డింగు ఖర్చు ముందు ఆ శ్రమ ఏపాటిది?

తుపాను వానల్లో మా ఉపాధ్యాయ మిత్రుడొకరు చేసిన పొరపాటు కూడా చెప్పాలి. చక్రం సగం మునిగిన నీటిలో ఆగిపోయిన బండిని ఆయన మళ్లీ మళ్లీ స్టార్టు చేశారు. గాలి అణగినట్టు నీరు అణగదు. అది సిలిండరులోకి చేరితే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆయన బండికి అదే జరిగింది. నీటిలో ఆగిన బండిని తోసుకుని బయటికి తేవాలి తప్ప తాళంచెవి ముట్టకూడదు.

ఇక కాగితాల మాట. "పదిహేనేళ్లు దాటితే ప్రభుత్వం పట్టుకుని తుక్కు చేసేస్తుందట కదా" అని జుమా తరువాత మమ్మల్ని అడిగినవారు ఎందరో. పెట్రోలు బండికి పదిహేనేళ్లు, డీజిలు బండికి పదేళ్లు అన్న ఆ కట్టడి ఢిల్లీ ప్రాంతానిది. మన వద్ద సొంత కారు తనిఖీలో నిలిస్తే అయిదేళ్ల చొప్పున రిజిస్ట్రేషను పొడిగిస్తారు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2023లో మేము చెల్లించినది ఆ పెరిగిన రుసుమే. హరిత పన్ను, బీమా దానికి అదనం. సొంత వాడకపు కారుపై జకాత్ ఉందా అని అడిగేవారికి కూడా ఇక్కడే జవాబు: లేదు.

ఈ ఖర్చులు చూసి మా పెద్దబ్బాయి, "అబ్బా, నెలకు కొంత కడితే కొత్తది వస్తుంది" అన్నాడు. ఆ 'కొంత'లో వడ్డీ ఎంతో కాగితం మీద వేసి చూపించాము. వాడు మారు మాట్లాడలేదు, కానీ స్నేహితుల నికాహ్‌లకు మా కారులో రావడం మానేశాడు. పిల్లల ఆ సిగ్గు చిన్న విషయమని మేమనము. దాన్ని భరించడం మాకూ తేలిక కాలేదు.

చివరికి నిరుడు, ఇంజను మళ్లీ వేడెక్కడం మొదలయ్యాక, అమ్మక తప్పలేదు. బేరం కుదర్చడానికి వచ్చిన దళారి బండి చుట్టూ తిరిగి, "అడుగున నల్లరంగు కొట్టించండి, కొత్త చాపలు వేయండి. యాభై అయిదు వేలు నా పూచీ. ఉన్నది ఉన్నట్టు కొన్నానని సంతకం పెట్టించుకుంటే మీకు ఏ బాధా ఉండదు" అన్నాడు. కొంచెం ఆగి, "కొనేవాడు మీ వాడు కూడా కాదులెండి" అని కలిపాడు.

మమ్మల్ని కలవరపెట్టింది ఈ రెండవ మాట కాదు, మొదటిది. వస్తువులో లోపం బయటపడితే దాన్ని తిరిగి ఇచ్చివేసే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. దీన్నే ఖియారుల్ ఐబ్ అంటారు. ఆ అధ్యాయాన్ని కుదూరీ నుంచి మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము. వర్తకుల వాడుకలో ధరను తగ్గించేది ఏదైనా లోపమే అన్న నిర్వచనం పిల్లల చేత వల్లె వేయిస్తాము. అమ్మేవాడు అన్ని లోపాల బాధ్యత నుంచీ విముక్తిని షరతుగా పెడితే, కొనేవాడు ఒప్పుకుంటే, ఆ బేరం చెల్లుతుందని హనఫీ పండితులు చెప్పిన సంగతి కూడా మాకు తెలుసు. దళారి తెలియక చూపించిన సందు మా గ్రంథంలోనే ఉన్నదన్నమాట! ఆ రాత్రి ఆ సందులోంచి దూరిపోవాలని మా మనసు ఎంత ఉబలాటపడిందో అల్లాహ్‌కే తెలుసు. అమ్మీ మందులకే అప్పు ఉన్న రోజులవి.

కానీ బేరం చెల్లడం వేరు, తెలిసిన లోపాన్ని రంగు వేసి దాచడం వేరు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్లకు తడి తగిలిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. వాన పడిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదన్నారు. వానను ఆ వర్తకుడు కురిపించలేదు. అయినా తడిని కింద ఉంచింది అతడే. మా రేకును తినేసింది సముద్రపు గాలే కావచ్చు. దానిపై నల్లరంగు పూయించేది మాత్రం మేమే అవుతాము. బట్టల వర్తకులైన ఇమామ్ అబూ హనీఫా, తమ భాగస్వామి మరచి లోపం చెప్పకుండా ఒక వస్త్రాన్ని అమ్మినందుకు ఆ సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు రాశారు. కొన్నవాడి మతం ఏమిటన్న ప్రశ్న ఆ ఉదంతంలో గానీ హదీసులో గానీ లేదు.

మరునాడు ఒక తెల్లకాగితం మీద పదకొండు లోపాలు రాశాము. గాస్కెట్ మార్చిన సంగతి, అయినా దూర ప్రయాణంలో వేడెక్కడం, రెండు వెల్డింగులు, ఎడమ వెనుక తలుపు లోపలి నుంచి తెరుచుకోకపోవడం, ఇలా. "ఇంత చెప్పుకుంటే కొనేదెవరండీ?" అని మా ఇంటావిడ అడిగారు. నిజమే, ఇద్దరు ఆ కాగితం చూసి వెళ్లిపోయారు. దళారి కూడా మళ్లీ రాలేదు.

మూడవవాడు లావేరు వైపు నుంచి వచ్చిన యువకుడు; సంతల్లో స్టీలు సామాను అమ్ముకుంటాడు. కాగితాన్ని రెండుసార్లు చదివి, చాప ఎత్తి రేకు తట్టి చూసి, ముప్పై ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. ఒప్పుకున్నాము. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి పంపేయడం మన దగ్గర సర్వసాధారణం. అది కొన్నవాడికీ అమ్మినవాడికీ చేటు. పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే పరిహారపు బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. 29, 30 ఫారాలు నింపి, బీమా కూడా అతడి పేరిట మార్పించిన తరువాతే తాళంచెవులు అప్పగించాము.

బండి వీధి మలుపు దాకా వెళ్లాక డిక్కీలో మా నీళ్ల సీసా ఉండిపోయిందని మా పెద్దబ్బాయికి గుర్తొచ్చింది. కేకవేసి ఆపి, పరుగెత్తాడు. యువకుడు అద్దం దించి, జేబులోంచి ఆ కాగితం కొస చూపిస్తూ, "ఉండనీండి. మూడో నంబరుకి అదే కదా మందు" అని నవ్వి వెళ్లిపోయాడు.